సైకిళ్లకు దారి, గడ్డికి దరఖాస్తు

అమెరికా ఈశాన్య మూలన మెయిన్ అనే రాష్ట్రం ఉంది. దాని అట్లాంటిక్ తీరంలో అకాడియా అనే జాతీయ పార్కు. చాలావరకు మౌంట్ డెజర్ట్ అనే దీవి మీద పరుచుకుని ఉంటుంది. ఏటా 40 లక్షల దాకా సందర్శకులు వచ్చే చోటు. వేసవి వస్తే అక్కడ గైడుల వెంట సైకిల్ యాత్రలు నడుస్తాయి. ఐదారు రోజుల సెలవు. పది పదిహేను మంది గుంపు, ముందొక గైడు, వెనకొక గైడు, సామాన్లకు ఒక వ్యాను. కాళ్లు లాగేసినవాళ్లను ఎక్కించుకునేదీ ఆ వ్యానే. పగలంతా కొండల మధ్య, సముద్రం పక్కన సైకిలు. మధ్యాహ్నం జోర్డాన్ చెరువు గట్టున పాప్‌ఓవర్ అనే పొంగు రొట్టె, వెన్న, జామ్. రాత్రికి లాబ్‌స్టరూ మెత్తటి పరుపూ. ఒక రోజు తెల్లవారకముందే లేచి క్యాడిలాక్ కొండ ఎక్కి సూర్యోదయం చూడటం.

బోస్టన్ నుంచి కారులో ఐదు గంటల దూరమే కాబట్టి అక్కడి మన తెలుగువాళ్లు మూడు రోజుల సెలవు దొరికితే చాలు వెళ్లొస్తున్నారు. తిరిగొచ్చాక ఫొటోలతోపాటు ఒక మాట కూడా పంచుతున్నారు: "ప్రకృతిని పాడుచేయకుండా తిరగడం అంటే అది. మన అరకులోనూ, పాపికొండల్లోనూ అలా పెట్టాలి." ఈ వ్యాసం ఆ మాటకు జవాబు.

సైకిలు మీద నాకు పగ లేదు. సంతకు పోయేటప్పుడు వెదురు మోపు మోసేదీ, కోటా బియ్యం మోసుకొచ్చేదీ, మా పిల్లల్ని హాస్టలు దాకా దింపేదీ సైకిలే. పొగ లేదు, చప్పుడు లేదు, దాని టైరు కింద గడ్డి నలిగితే మళ్లీ లేస్తుంది. ఆ యాత్ర నేలను పాడుచేయదు అంటే ఒప్పుకుంటాను. కాని అంత ఖాళీగా, అంత శుభ్రంగా, మనిషి జాడ లేని కొండలు సైకిలు తొక్కేవాళ్ల కోసం ఎలా తయారయ్యాయి? ఆ ఖర్చు ఎవరు భరించారు? యాత్ర ధరలో వ్యాను అద్దె ఉంటుంది, హోటలు గది ఉంటుంది, గైడు జీతం ఉంటుంది. ఈ ఖర్చు మాత్రం ఏ బిల్లులోనూ ఉండదు.

ముందు దీవి పేరు చూడండి. 1604లో షాంప్లేన్ అనే ఫ్రెంచి నావికుడు ఓడలో అటుగా పోతూ, రాతి శిఖరాలు బోడిగా కనిపిస్తే "బోడికొండల దీవి" అన్న అర్థంలో పేరు రాసుకున్నాడు. అదే ఇంగ్లీషు నోట్లో పడి మౌంట్ డెజర్ట్ అయింది. అప్పటికే ఆ తీరంలో వేల ఏళ్లుగా మనుషులు ఉన్నారు. వాళ్లు తిని పడేసిన గుల్లల దిబ్బలు ఇప్పటికీ ఒడ్డున ఉన్నాయి. వాళ్లు వాబనాకీలు. పెనబ్‌స్కాట్, పాసమక్వాడీ, మాలిసీట్, మిక్‌మాక్, అబెనాకి తెగల ఉమ్మడి పేరు అది. వాళ్లకు ఆ దీవి పెమెటిక్, అంటే కొండల వరస ఉన్న చోటు. ఓడ మీదినుంచి చూసినవాడికి బోడిగా కనిపించినదే పటం మీద పేరయింది. అందులో బతికినవాళ్లు పెట్టుకున్న పేరు ఇప్పుడు పార్కులో ఒక్క కొండకు మిగిలింది. మా దగ్గరా అంతే కదా. సర్వే చేసినవాడు గుడారం వేసిన రాత్రే మా ఊరు పుట్టినట్టు రికార్డు రాస్తారు.

ఇక భూమి చేతులు మారిన కథ. ఇది కొంచెం నిదానంగా చెప్పాలి, ఎందుకంటే పట్టాల గొడవలో నలిగినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. 1688లో ఫ్రెంచి పాలకులు ఆ దీవిని క్యాడిలాక్ అనే దొరకు కాగితం మీద రాసిచ్చారు. ఆయన అక్కడ కొద్దికాలం ఉండి వెళ్లిపోయాడు. తర్వాత ఇంగ్లీషువాళ్లు గెలిచారు. 1762లో మాసచుసెట్స్ సభ అదే దీవిని తన గవర్నరు బెర్నార్డ్‌కు రాసిచ్చింది. ఆ తర్వాత అమెరికా స్వతంత్ర దేశమైంది. అప్పుడు ఫ్రాన్సు నుంచి ఒకావిడ వచ్చింది. నేను క్యాడిలాక్ దొర మనవరాలిని, మా తాత కాగితం ఇదిగో అంది. 1787లో మాసచుసెట్స్ ప్రభుత్వం ఆమెకు దీవిలో తూర్పు సగం ఇచ్చింది. పడమటి సగం బెర్నార్డ్ కొడుక్కి దక్కింది. తొంభై తొమ్మిదేళ్ల నాటి కాగితం, దాన్ని రాసిన రాజ్యం కూడా అక్కడ లేకుండా పోయాక, చెల్లింది. వేల ఏళ్ల గుల్లల దిబ్బలు చెల్లలేదు. వాబనాకీలను ఆ సభలో ఎవరూ పిలవలేదు, అడగలేదు.

మనకు 2006 అటవీ హక్కుల చట్టం కింద పోడు భూమికి పట్టా కావాలంటే, 2005 డిసెంబరు 13 కంటే ముందునుంచీ ఆ నేలలో ఉన్నట్టు రుజువు చూపమంటారు. గట్టు చూపిస్తాం, మామిడి చెట్టు చూపిస్తాం, తాతను పూడ్చిన రాయి చూపిస్తాం. కాగితం ఉందా అంటారు. క్యాడిలాక్ మనవరాలు మా తహసీల్దారు ఆఫీసుకు వచ్చుంటే ఆమె పని ఒక్క పూటలో అయిపోయేది.

ఆ దొర పేరే ఇప్పుడు దీవిలో ఎత్తయిన కొండకు ఉంది. క్యాడిలాక్, 1,530 అడుగులు. డబ్బున్నోళ్ల కారు పేరూ ఆయనదే. అక్టోబరు మొదటి వారం నుంచి మార్చి మొదటి వారం దాకా అమెరికాలో తొలి సూర్యకిరణం పడే చోటు ఆ శిఖరం అని చెప్తారు. ఆ సూర్యోదయం కోసం జనం విరగబడితే 2021 నుంచి కారు కారుకూ ముందుగా టికెట్టు తీసుకోవాలని పెట్టారు, ఆరు డాలర్లు. వాబనాకి అనే మాటకు అర్థం తెల్లవారే నేల మనుషులు అని. తూర్పున పొద్దు ముందుగా తాకే దేశం మాది అని వాళ్లు తమకు తాము పెట్టుకున్న పేరు అది. సైకిలు యాత్రలో ఆ కొండ మీద చలికి వణుకుతూ నిలబడి ఫొటో తీసుకునేవాడికి, ఆ పొద్దునే తమ పేరుగా పెట్టుకున్న జాతి ఇంకా బతికే ఉందని, దానికి మెయిన్ రాష్ట్రంలో ప్రభుత్వం గుర్తించిన తెగల సభలూ పెద్దలూ ఉన్నారని ఎవరు చెప్తారు? అలాంటి యాత్రల ప్రకటనల్లో గ్రానైటు రాయికి ఒక పేరా, లాబ్‌స్టరుకు ఒక పేరా, రాక్‌ఫెల్లరుకు రెండు పేరాలు ఉంటాయి. వాబనాకీలకు ఒక వాక్యం దొరికితే అది "ఒకప్పుడు ఇక్కడ నివసించేవారు" అని ఉంటుంది. ఆ "ఒకప్పుడు" మీదే నా గొడవంతా.

రాక్‌ఫెల్లరు గురించి చెప్పకుండా పోతే అన్యాయమవుతుంది, ఎందుకంటే సైకిళ్లు పోయే దారులు ఆయనవే. జాన్ డి. రాక్‌ఫెల్లర్ జూనియర్ 1913 నుంచి 1940 దాకా ఆ దీవిలో గుర్రబ్బండ్ల కోసం కంకర దారులు వేయించాడు. పార్కులో ఇప్పుడు ఉన్నవి 45 మైళ్లు. వాటి మీద రాతి వంతెనలు. దారి అంచున వరసగా నిలబెట్టిన బండరాళ్లను జనం రాక్‌ఫెల్లరు పళ్లు అంటారు. మోటారు బండికి అక్కడ ప్రవేశం లేదు. పనితనం గొప్పదే, కాదనను. వాన నీరు నిలవకుండా, ఎక్కడా నిటారుగా ఎక్కకుండా, మలుపు తిరగ్గానే చెరువో సముద్రమో కనిపించేలా వేశారు. తండ్రి స్టాండర్డ్ ఆయిల్ కంపెనీతో లోకమంతటికీ చమురు అమ్మాడు. ఆ డబ్బుతో కొడుకు తన వేసవి దీవిలో మోటారు మోత వినపడని దారులు కట్టుకున్నాడు. తర్వాత పదివేల ఎకరాలకు పైగా భూమిని పార్కుకు దానం చేశాడు.

దానం అన్న మాట దగ్గర కాసేపు ఆగాలి. ఈ పార్కు గురించి ఎక్కడ చదివినా ఈ మాటే. హార్వర్డు విశ్వవిద్యాలయం పాత అధ్యక్షుడు ఎలియట్, జార్జ్ డార్ అనే ఆస్తిపరుడు, రాక్‌ఫెల్లరు, ఇంకా వేసవి బంగళాల పెద్దలు భూములు కొని పోగుచేసి దేశానికి ఇచ్చారు. 1916లో జాతీయ స్మారకంగా, 1919లో లఫాయెట్ జాతీయ పార్కుగా, 1929లో అకాడియాగా అయింది. ప్రభుత్వం ఎవరినీ గుడిసెల్లోంచి లాగలేదు, అంతా స్వచ్ఛందం అంటారు. నిజమే, పార్కు వచ్చేనాటికి లాగాల్సిన పని లేదు. ఆ పని అంతకు నూటేభై ఏళ్ల ముందే అయిపోయింది. ఒకడు లాక్కున్నాడు, ఇంకొకడు కొన్నాడు, మూడోవాడు దానం చేశాడు. మూడోవాడి చేతికి మట్టి అంటలేదు. పార్కు రాకపోతే ఆ కొండలన్నీ బంగళాలయ్యేవి అని ఒక వాదన ఉంది. అయ్యేవే కావచ్చు. రెండు రకాల ధనవంతుల్లో మంచివాళ్ల చేతికి పోయింది, సంతోషించండి అన్నట్టుంది అది.

వాబనాకీలు అప్పుడు ఎక్కడున్నారు? అక్కడే ఉన్నారు. 1800ల్లో బార్ హార్బర్ ఊరికి పట్నం దొరలూ దొరసానులూ వేసవికి రావడం మొదలైనప్పుడు, వాబనాకి కుటుంబాలు ప్రతి వేసవీ ఒడ్డున గుడారాలు వేసుకుని బుట్టలు అల్లి అమ్మేవి. యాష్ అనే చెట్టు దుంగను మోది మోది పొరలుగా లేపి, ఆ పేళ్లతో బుట్ట అల్లుతారు. అంచుకు స్వీట్‌గ్రాస్ అనే వాసనగడ్డి జడ వేస్తారు. మగవాళ్లు పడవల్లో యాత్రికులను తిప్పేవాళ్లు. ఊరు పెరిగి ఒడ్డు స్థలం విలువ పెరిగేకొద్దీ ఆ గుడారాలను ఇక్కడ వద్దు అక్కడ వేసుకోండి అంటూ వెనక్కి, ఇంకా వెనక్కి జరిపారు. అల్లిన బుట్ట కావాలి, అల్లే మనిషి సముద్రం కనిపించే చోట ఉండకూడదు.

గైడు అన్న వృత్తి సంగతి ఇంకా విడ్డూరం. మెయిన్ అడవుల్లో పరాయివాళ్లకు దారి చూపింది ఆదివాసులు. థోరో అనే రచయిత పేరు మన ప్రొఫెసర్లు భక్తిగా తలుస్తారు. ఆయన ఈ దీవికి కాదు, ఉత్తరాన లోపలి అడవులకు 1853లో జో అటియన్ అనే పెనబ్‌స్కాట్ మనిషి వెంట, 1857లో జో పోలిస్ అనే ఇంకో పెనబ్‌స్కాట్ మనిషి వెంట వెళ్లాడు. తెడ్డు వాళ్లది, దారి వాళ్లది, చెట్టు పేర్లు వాళ్లవి. పుస్తకం మాత్రం థోరోది. 1897లో రాష్ట్రం గైడులకు లైసెన్సు చట్టం తెచ్చింది. ఇప్పుడు తరాల తరబడి ఆ అడవిలో తిరిగినవాడి మనవడైనా జనాన్ని వేట తీసుకుపోయి కూలి తీసుకోవాలంటే ముందు ఆ లైసెన్సు చూపాలి. దూర ప్రాంతం నుంచి వేసవి ఉద్యోగానికి వచ్చిన కుర్రవాడు సైకిలు గుంపు ముందు నిలబడి ఈ దీవి చరిత్ర చెప్తాడు. ఆ కుర్రవాణ్ణి తప్పుపట్టను, వాడికి ఇచ్చిన కాగితం వాడు చదువుతాడు. రాసి ఇచ్చినవాళ్లను అడుగుతున్నాను.

ఇప్పుడు గడ్డి దగ్గరికి వద్దాం. అసలు పోరు ఇక్కడే ఉంది.

స్వీట్‌గ్రాస్ సముద్రపు ఉప్పు చిత్తడి నేలల పై అంచున పెరుగుతుంది. ఎండితే కమ్మని వాసన. వాబనాకీలకు అది బుట్ట అంచు మాత్రమే కాదు, పూజకు కూడా కావాలి. వేసవి నడిమధ్యలో ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు కలిసి వెళ్లి కోస్తారు. వేరు పీకరు, పరక తీస్తారు. మాకు కొండచీపురు ఎలాగో వాళ్లకు అది అలాగ. జనవరి, ఫిబ్రవరిలో మా అమ్మలు కొండ ఎక్కి చీపురు పుల్ల కోసి, కట్టలు కట్టి సంతకు తెస్తారు. ఏ పుల్ల కోయాలో, ఏది వచ్చే ఏటికి వదలాలో వాళ్లకు తెలుసు. ఎవరో బోర్డు మీద రాస్తే నేర్చుకున్నది కాదు.

జాతీయ పార్కుల శాఖ 1983 నిబంధనల ప్రకారం, పార్కు అధికారి ఒప్పుకున్నచోట సందర్శకుడు తినడానికి పండ్లు, కాయలు చేత్తో కోసుకోవచ్చు. సైకిలు ఆపి దారిపక్క అడవి బ్లూబెర్రీలు నోట్లో వేసుకోవడం ఆ యాత్రల్లో ఒక సరదా. కాని అదే పార్కులో ఆదివాసి తన ఆచారం కోసం గడ్డి కోయాలంటే, చట్టమో ఒప్పందమో ప్రత్యేకంగా చెప్తే తప్ప కుదరదు. టికెట్టు కొన్నవాడు పండు తింటే అనుభవం. ఆ నేలలో పుట్టిన జాతి గడ్డి కోస్తే నేరం. ముప్పై మూడేళ్లు ఇలాగే నడిచింది.

2016లో నిబంధన మారింది. ప్రభుత్వం గుర్తించిన తెగలు ఇక గడ్డి కోయవచ్చు అన్నారు. ఎలా? తెగ ముందు రాతపూర్వకంగా అడగాలి. ఆ నేలతో తమకు సంబంధం ఉందని చూపాలి. పార్కుతో ఒప్పందం రాసుకోవాలి. పర్యావరణం మీద ప్రభావం ఏమిటో పరిశీలన జరగాలి. తర్వాత అనుమతి పత్రం. ఎవరు కోస్తారు, ఏ మొక్క, ఎంత, ఎప్పుడు, ఎక్కడ, అన్నీ అందులో ఉండాలి. సైకిలువాడు 20 డాలర్ల పాసు కొంటే ఏడు రోజులు చెల్లుతుంది. వాడి వల్ల పర్యావరణం మీద ప్రభావం ఎంతని వాణ్ణి ఎవరూ నివేదిక అడగరు.

ఇందులో ఒక మంచి సంగతి ఉంది, దాన్ని దాచిపెట్టను. అకాడియాలో గడ్డి కోసే వాబనాకి పెద్దలూ శాస్త్రవేత్తలూ కలిసి చిత్తడి నేలల్లో పరిశీలన చేశారు. కోసేవాళ్ల పద్ధతిలోనే కోసి, గడ్డి మళ్లీ ఎలా లేస్తుందో లెక్కపెట్టారు. రాబిన్ వాల్ కిమ్మరర్ అనే పొటవాటమి జాతి వృక్షశాస్త్రవేత్త అంతకు ముందే న్యూయార్కు వైపు తన విద్యార్థినితో చేయించిన పరిశోధన గురించి 2013 నాటి తన పుస్తకంలో రాసింది. పద్ధతిగా కోసిన మడుల్లో గడ్డి బలంగా పెరిగింది, ఎవరూ ముట్టుకోని మడుల్లో క్షీణించింది. పరిశోధన ప్రతిపాదన పెట్టినప్పుడు పెద్ద చదువుల వాళ్లు నవ్వారట, కోస్తే తగ్గుతుందని అందరికీ తెలిసిందే కదా అని. బుట్టలల్లే ముసలమ్మలు ఆ మాట ఎప్పటినుంచో చెప్తున్నారు. వాళ్ల మాట నిజమవ్వాలంటే చదరాలు గీసి, పరకలు లెక్కపెట్టి, థీసిస్ రాయాల్సి వచ్చింది.

అంటే చేయి తాకని ప్రకృతి అని సైకిలువాళ్లకు చూపించేది అబద్ధం. ఆ గడ్డి అక్కడ ఉందంటే దానికి మనిషి చేయి తోడుంది. మనిషిని తీసేసి, మిగిలినదానికి అడవి అని పేరు పెట్టి, దాన్ని చూడటానికి టికెట్టు పెట్టారు.

ఇక "మన దగ్గరా అలా పెట్టాలి" అనేవాళ్లతో మాట్లాడాలి.

పెట్టారు కదా అయ్యా. 2008లో పాపికొండలను జాతీయ పార్కు చేశారు. 1972 వన్యప్రాణి చట్టం 35వ సెక్షను చదవండి. జాతీయ పార్కు అంటే ఆ నేల మీది హక్కులన్నీ తేల్చేసి ప్రభుత్వానికి దఖలు పరచుకోవడం, పశువును మేపనివ్వకపోవడం. అభయారణ్యంలో కొన్ని హక్కులైనా మిగలొచ్చు, జాతీయ పార్కులో ఆ పాటి సందూ లేదు. 2006 అటవీ హక్కుల చట్టం మాత్రం జాతీయ పార్కుల్లోని అడవికీ వర్తిస్తుందని స్పష్టంగా రాసుంది. ఈ రెండో చట్టం గురించి బోటు మీద మైకు పట్టుకున్నవాడు చెప్పడు. అటు పోలవరం ముంపు కింద కోయ, కొండరెడ్డి ఊళ్లు ఖాళీ అవుతుంటే, ఇటు అదే గోదారి మీద బోట్లలో పాటలు పెట్టుకుని కొండలు ఎంత బాగున్నాయో అంటున్నారు. ఖాళీ చేయించిన కొండ బాగానే ఉంటుంది.

రేపు సైకిళ్లు వస్తాయి. వద్దు అనను. కాని దారి వేసే ముందు గ్రామసభ తీర్మానం కావాలి, 1996 పీసా చట్టం మాకు ఆ గొంతు ఇచ్చింది. 1/70 చట్టం ఉంది, షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరుడికి భూమి లీజుకు ఇవ్వకూడదని, ప్రభుత్వానికీ అది వర్తిస్తుందని 1997లో సమతా తీర్పు చెప్పింది. కాబట్టి రిసార్టు కట్టి, మా పిల్లవాణ్ణి గేటు దగ్గర కొమ్ముపాగా పెట్టి నిలబెట్టి, మా అమ్మాయి చేత థింసా ఆడించి, దాన్ని ఎకో టూరిజం అనకండి. సైకిలు అద్దె మా సంఘం తీసుకోవాలి. గైడు మా మనిషి కావాలి, ఆడించే బొమ్మగా కాదు, ఎక్కడ ఆగాలో ఎక్కడికి పోకూడదో నిర్ణయించే మనిషిగా. ఏ కొండ మీద దేవర ఉంటే ఆ కొండకు దారి ఉండదు. చీపురు కోసే నెలలో చీపురు కోసేవాళ్లదే కొండ. ఈ షరతులు నచ్చకపోతే సముద్రం ఒడ్డున మీకు బోలెడు రోడ్డు ఉంది, తొక్కుకోండి.

అకాడియాలో వాబనాకీలు అడిగేదీ దాదాపు ఇదే. 1980లో మెయిన్ తెగలకు భూమి దావాల పరిష్కారం కింద 8 కోట్ల 15 లక్షల డాలర్లు ఇచ్చి, ఆ చట్టంలోనే తెలివిగా ఒక మెలిక పెట్టారు. ఆ తర్వాత ఆదివాసుల మేలు కోసం దేశం చేసే చట్టాలు మెయిన్ రాష్ట్ర అధికారానికి అడ్డొస్తే, మెయిన్ పేరు ప్రత్యేకంగా చెప్తే తప్ప అక్కడ చెల్లవు అని. ఆ మెలికను విప్పించుకోవడానికి వాళ్లు ఇంకా కొట్లాడుతూనే ఉన్నారు. "ఒకప్పుడు నివసించేవారు" అని ప్రకటనలో రాసుకున్న మనుషులు ఇవాళ శాసనసభ ముందు నిలబడి వాదిస్తున్నారు.

బోస్టన్ నుంచో న్యూజెర్సీ నుంచో వచ్చే వేసవికి అక్కడికి బయల్దేరే తెలుగు సోదరులకు, అక్కచెల్లెళ్లకు ఒక చిన్న పని చెప్తాను. దీవి పడమటి వైపు బాస్ హార్బర్ చిత్తడి నేల ఉంది, రోడ్డు దాని పక్కనుంచే పోతుంది. అక్కడ సైకిలు ఆపించండి. ఇలాంటి నేలలో వాసనగడ్డి ఎవరు కోస్తారు, వాళ్లు ఇప్పుడు ఏ ఊళ్లో ఉంటారు, కోయడానికి ఏ కాగితం కావాలి అని మీ గైడును అడగండి. చెప్పగలిగితే వినండి. చెప్పలేకపోతే, యాత్ర చివర మీ అభిప్రాయం రాయమని ఒక ఫారం ఇస్తారు కదా, పాప్‌ఓవరు బాగుందని రాసే గడి కింద ఆ మాట కూడా రాసి రండి.